ప్రశ్న ఎవరిదో గుర్తుండాలి

పర్లాకిమిడిలో ఉన్న చిరంజీవులకు బరంపురం నుంచి పెదనాన్న దీవెనలు.

మీరిద్దరూ కలిసి రాసిన చాట్ సర్వర్ చూశాను. నడుస్తోంది, బాగుంది. పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు నెట్‌వర్క్ మీద పోకుండా ఛాలెంజ్-రెస్పాన్స్ (సర్వర్ ప్రతిసారీ ఓ కొత్త ప్రశ్న వేస్తే, పాస్‌వర్డ్ పంపకుండా దాంతో లెక్కగట్టిన జవాబు మాత్రం పంపే పద్ధతి) పెట్టాలనుకోవడం కూడా మంచి ఆలోచనే. కాకపోతే మీ బుర్రంతా క్లయింటు, అంటే లాగిన్ అయ్యేవాళ్ళు నడిపే ప్రోగ్రాం వైపే ఖర్చయింది. ఏ హాష్ (ఎంత సమాచారాన్నయినా వెనక్కి తిప్పలేని చిన్న ముద్రగా మార్చే లెక్క) వాడాలి, ఎలా కలపాలి అని బోలెడు ఆలోచించి, సర్వర్ వైపు పది లైన్లతో సరిపెట్టేశారు. ఈ పద్ధతిలో బరువంతా సర్వర్ మీదే ఉంటుంది. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఊళ్ళో రోజూ జరిగేదే ఒకటి చెప్తాను. పాతపట్నం వైపు కాస్త దూరం వెళ్తే చాలు, మీ ఫోను ఒడిశా టవర్ వదిలి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. సిమ్మేమో ఒడిశాది. అది అసలు సిమ్మేనని అవతలి నెట్‌వర్క్‌కి ఎలా తెలుస్తుంది? సిమ్ లోపల 128 బిట్ల రహస్య కీ ఒకటుంటుంది. అదే కీ ఆ సిమ్ ఇచ్చిన నెట్‌వర్క్ వారి ఆథెంటికేషన్ సెంటర్‌లో ఉంటుంది. పాత 2జీ లెక్కలో చెప్తాను, సులువు. సొంత నెట్‌వర్క్ 128 బిట్ల ర్యాండమ్ సంఖ్య ఒకటి తీస్తుంది. దానికి రావలసిన 32 బిట్ల జవాబునీ, మాటల్ని దాచడానికి పనికొచ్చే 64 బిట్ల కీనీ తానే లెక్కగట్టి, మూడూ కలిపి అవతలి నెట్‌వర్క్‌కి పంపుతుంది. అవతలివాళ్ళు ఆ సంఖ్యను ఫోనుకిస్తారు. సిమ్ తన కీతో లెక్కగట్టి జవాబిస్తుంది. రెండు జవాబులూ కలిస్తే సిగ్నల్ వస్తుంది. గుమ్మంలో నిలబడి అడుగుతున్నవాడికి కూడా రహస్యం తెలియలేదు చూశారా! అతనికి తెలిసిందల్లా ఇవాళ్టి ప్రశ్న, ఇవాళ్టి జవాబు. రేపటికి అవి చెల్లవు.

ఇప్పుడు మీ సర్వర్ దగ్గరికి వద్దాం. క్లయింటు పేరు పంపుతుంది. సర్వర్ ఛాలెంజ్ ఇస్తుంది. క్లయింటు పేరు, ఛాలెంజ్, జవాబు మూడూ కలిపి ఒకే సందేశంగా తిరిగి పంపుతుంది. సర్వర్ ఆ సందేశంలో వచ్చిన ఛాలెంజ్‌నే తీసుకుని జవాబు సరిచూస్తుంది. కొంప మునిగింది ఇక్కడే. నిన్న మీ వై-ఫైలో ఎవరో ఒక లాగిన్ విని దాచుకున్నారనుకోండి. ఇవాళ కనెక్ట్ అయ్యి, సర్వర్ ఇచ్చిన కొత్త ఛాలెంజ్‌ని అవతల పారేసి, నిన్నటి ఛాలెంజూ నిన్నటి జవాబూ జంటగా పంపుతారు. ఆ రెండూ ఒకదానికొకటి చక్కగా సరిపోతాయి కాబట్టి సర్వర్ తలుపు తీసేస్తుంది. ప్రశ్నపత్రం కూడా ఇంటి నుంచే తెచ్చుకుని పరీక్ష రాసినట్టుంది వ్యవహారం.

కాబట్టి క్లయింటు నుంచి రావలసింది జవాబు ఒక్కటే. ఛాలెంజ్ సర్వర్ దగ్గరే, ఆ కనెక్షన్‌కి కట్టేసి ఉండాలి. కనెక్షన్ పక్కన మూడు సంగతులు రాసుకోండి: ఏ పేరుతో అడిగాడు, ఏ ఛాలెంజ్ ఇచ్చాం, ఎప్పుడిచ్చాం. పది సెకన్లు దాటితే కనెక్షన్ తెంపేయండి, లేకపోతే ఎవరో వెయ్యి కనెక్షన్లు తెరిచి ఊరుకుంటే మీ సర్వర్ వాళ్ళ కోసం కాపలా కాస్తూ కూర్చుంటుంది. ఆ పది సెకన్లు కొలవడానికి గోడ గడియారం లాంటి టైమ్ ఫంక్షన్ వద్దు, పైథాన్‌లో మోనోటోనిక్ అని ఉంది, అది వాడండి. నెట్ నుంచి టైమ్ సరిచేసుకున్నప్పుడు మామూలు గడియారం ముందుకో వెనక్కో గెంతుతుంది, ఇది గెంతదు.

జవాబు రాగానే ముందు ఛాలెంజ్‌ని చెరిపేసి, ఆ తర్వాత సరిచూడాలి. ఈ వరస తిరగబడకూడదు. తప్పు జవాబొస్తే అదే ఛాలెంజ్ మీద ఇంకోసారి ప్రయత్నించనిస్తే, ఊహించేవాడికి మీరే సాయం చేసినట్టు. రేపు ఇదే పని వెబ్‌లో నాలుగు ప్రాసెస్‌లతో చేయాల్సొస్తే ఛాలెంజ్‌లు రెడిస్ లాంటి, ప్రాసెస్‌లన్నీ పంచుకునే డేటా నిల్వలో పెడతారు. అక్కడ చదవడం, చెరపడం విడివిడిగా చేస్తే ఆ సందులో ఇద్దరు దూరతారు. రెడిస్ 6.2 నుంచి గెట్‌డెల్ అని రెండూ ఒకే దెబ్బకి చేసే ఆదేశముంది.

ఛాలెంజ్ పుట్టించడంలో కూడా పొరపాటుంది. మీరు ర్యాండమ్ మాడ్యూల్‌లోని ర్యాండ్‌బైట్స్‌తో 32 బైట్లు తీశారు. దాని వెనకున్నది మెర్సెన్ ట్విస్టర్ అనే, సంఖ్యలు పుట్టించే లెక్క. ఆటలో పాచికలు వేయడానికి భేషుగ్గా పనికొస్తుంది గాని, అది ఇచ్చిన 32 బిట్ల సంఖ్యలు వరసగా 624 చూసినవాడు తర్వాత వచ్చేవన్నీ చెప్పేయగలడు. మీ ఒక్కో ఛాలెంజ్‌లో అలాంటివి ఎనిమిది ఉన్నాయి. అంటే 78 సార్లు కనెక్ట్ అయ్యి, లాగిన్ అవకుండా ఛాలెంజ్‌లు మాత్రం పోగుచేసుకున్నవాడికి 79వది ముందే తెలుసు. అది తెలిస్తే సర్వర్ వేషం కట్టి మీ స్నేహితుడి క్లయింటుని ఇవాళే ఆ ప్రశ్న అడిగి, జవాబు జేబులో వేసుకుని, మీ సర్వర్ దగ్గరకొచ్చి అప్పజెప్పొచ్చు. సీక్రెట్స్ మాడ్యూల్‌లో టోకెన్ బైట్స్ అనే ఫంక్షన్ ఉంది, 32 ఇచ్చి పిలవండి. మార్చాల్సింది ఒక్క లైనే.

జవాబుని పాస్‌వర్డ్, ఛాలెంజ్ పక్కపక్కన అతికించి షా-256 అనే హాష్ వేసి తీశారు. అలా వద్దు. అతికించిన దాని చివర ఇంకొంత చేర్చి, రహస్యం తెలియకుండానే కొత్త హాష్ కట్టే వీలు షా-256కి ఉంది. రహస్య కీని కలిపి హాష్ తీసే హెచ్‌మ్యాక్ అనే పద్ధతి పుట్టింది ఈ బాధ తప్పించడానికే. 1997 నుంచి ప్రమాణంగా ఉంది, పైథాన్‌లో దానికో మాడ్యూలే ఉంది. కీ స్థానంలో రహస్యం, సందేశం స్థానంలో పేరూ ఛాలెంజూ. ప్రతి ముక్క ముందూ దాని పొడవు రాయండి. లేకపోతే ‘రామ’ తర్వాత ‘య్య’ వచ్చినా, ‘రామయ్య’ తర్వాత ఏమీ లేకపోయినా హెచ్‌మ్యాక్‌కి కనబడే బైట్లు ఒకటే.

సరిచూడడానికి రెండు సమాన గుర్తులు పెట్టకండి. ఆ పోలిక మొదటి తేడా దగ్గరే ఆగిపోవచ్చు, ఎంతసేపు పట్టిందో కొలిచేవాడికి ఎన్ని బైట్లు సరిపోయాయో లీలగా తెలుస్తుంది. హెచ్‌మ్యాక్ మాడ్యూల్‌లో కంపేర్ డైజెస్ట్ ఉన్నది ఇందుకే. లేని పేరుతో వచ్చినవాడికి కూడా మామూలుగానే ఛాలెంజ్ ఇచ్చి, ఒక ఉత్తుత్తి కీతో అదే లెక్క చేయించి, ‘పేరో పాస్‌వర్డో తప్పు’ అని ఒకే మాట చెప్పండి. ‘ఈ పేరు లేదు’ అని వెంటనే అంటే, ఏ పేర్లు ఉన్నాయో ఊరంతా చాటినట్టే.

‘ఒక్కోసారి సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఫెయిల్ అవుతోంది’ అని రాశారు కదా. దానికి హాష్‌తో సంబంధం లేదు. మీ సర్వరూ క్లయింటూ మాట్లాడుకునే టీసీపీ పద్ధతిలో సందేశాలనేవి ఉండవు, బైట్ల ధార మాత్రమే ఉంటుంది. రిసీవ్‌కి 32 అని చెప్తే 32 వరకూ అని అర్థం, ఒకసారి 20 వచ్చి మిగతా 12 తర్వాత రావచ్చు. ఒకే లాప్‌టాప్‌లో రెండు కిటికీలు పెట్టి పరీక్షిస్తే ఇది సాధారణంగా బయటపడదు, వై-ఫై మీద బయటపడుతుంది. సందేశం ముందు రెండు బైట్ల పొడవు పంపి, అన్ని బైట్లూ వచ్చేదాకా లూప్‌లో చదవండి. ఖాళీగా వస్తే అవతలివాడు మూసేశాడని. పొడవు 512 దాటితే చదవకుండానే తెంపేయండి. ఇంకో చిన్న దొంగ ఉన్నాడు: హెక్స్‌లో పంపితే 32 బైట్లకి 64 అక్షరాలు రావాలి. మీకు 65 వస్తే చివర లైన్ మార్పు గుర్తు అంటుకుని వచ్చిందన్నమాట.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకోవాలని మీకు సరదా ఉందని తెలుసు. పెట్టుకోండి, కానీ ఐత్వంతో జాగ్రత్త. ‘శైలజ’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒకటి 3 బైట్లు, ఇంకొకటి 6. బైట్లు వేరైతే హెచ్‌మ్యాక్ పూర్తిగా వేరు. అందుకని లెక్కకు ముందు రెండు వైపులా ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకోవాలి, యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఆ పని చేసిపెడుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. సర్వర్ జవాబు లెక్కగట్టాలంటే దానికీ రహస్యం తెలిసుండాలి. 1996 నాటి చాప్ అనే ఛాలెంజ్-రెస్పాన్స్ ప్రమాణంలో అంతే, రహస్యం సర్వర్‌కి విప్పి ఉన్న రూపంలో అందుబాటులో ఉండాలి. ఫైలు పోతే అందరి పాస్‌వర్డ్‌లూ పోయినట్టే. పాస్‌వర్డ్ హాష్‌ని దాచి దాన్నే కీగా వాడినా తేడా ఏమీ లేదు, ఆ హాషే పాస్‌వర్డ్ అయి కూర్చుంటుంది. దీనికి మందు స్క్రామ్ అనే లాగిన్ పద్ధతి. 2010లో వచ్చింది, షా-256తో వాడే రూపం 2015లో. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2017లో తన 10వ వెర్షన్ నుంచి దాన్ని తెచ్చుకుంది. ఇందులో పాస్‌వర్డ్‌కి సాల్ట్ (ఒక్కొక్కరికి వేరుగా ఉండే ర్యాండమ్ బైట్లు) కలిపి హెచ్‌మ్యాక్‌లో కనీసం 4096 సార్లు తిప్పుతారు. వచ్చినదాన్నుంచి క్లయింట్ కీ తీస్తారు. సర్వర్ దాచుకునేది ఆ కీని కాదు, దాని హాష్‌ని. లాగిన్‌లో క్లయింటు తన కీని, ఆ సంభాషణకి మాత్రమే చెల్లే సంతకంతో ఎక్సార్ చేసి (బిట్టుకి బిట్టు కలిపే లెక్క, అదే మళ్ళీ చేస్తే మొదటిది తిరిగొస్తుంది) పంపుతుంది. సంతకం సర్వర్ కూడా కట్టగలదు, మళ్ళీ ఎక్సార్ చేస్తే కీ బయటకొస్తుంది, దానికి హాష్ వేసి దాచుకున్నదానితో పోలుస్తుంది. ఫైలు దొంగిలించినవాడి దగ్గర హాషే ఉంది గనక, దాంతో నేరుగా లాగిన్ కాలేడు. ఫైలూ చేతిలో ఉండి, ఒక లాగిన్‌ని కూడా విన్నవాడు మాత్రం కీ రాబట్టేస్తాడు, అది మర్చిపోకండి. మీరు స్క్రామ్‌ని సొంతంగా రాస్తూ నేర్చుకోండి, ఊళ్ళోవాళ్ళు వాడేదానికి మాత్రం ఎవరో రాసి పదిమంది చూసిన లైబ్రరీయే పెట్టండి.

ఇందాకటి 2జీలో ఒక లోటుంది. టవర్ ఫోనుని పరీక్షిస్తుంది గాని ఫోను టవర్‌ని పరీక్షించదు, దాంతో దొంగ టవర్‌ని కూడా నమ్మేస్తుంది. 3జీ నుంచి రెండు వైపులా పరీక్ష పెట్టారు. మీరూ అలా పెట్టబోతే ఒక తిరకాసు ఉంది. దొంగకి సర్వర్ ఛాలెంజ్ ఇచ్చింది. వాడు రెండో కనెక్షన్ తెరిచి, ‘ముందు నువ్వు సర్వరేనని రుజువు చెయ్యి’ అని అదే ఛాలెంజ్‌ని సర్వర్‌కే ఇస్తాడు. సర్వర్ బుద్ధిగా జవాబు కడుతుంది. వాడు దాన్ని మొదటి కనెక్షన్‌లో అప్పజెప్తాడు. హెచ్‌మ్యాక్‌లోకి పోయే సందేశం మొదట్లో ‘క్లయింటు’ అనో ‘సర్వర్’ అనో ఒక మాట చేర్చండి. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు.

ఇంతా చేసి పాస్‌వర్డ్ నాలుగంకెలు పెడితే మాత్రం నేనేమీ చెప్పలేను. ఛాలెంజూ జవాబూ విన్నవాడు ఇంట్లో కూర్చుని పదివేల సంఖ్యలూ వేసి చూసుకుంటాడు, సర్వర్‌కి తెలియను కూడా తెలియదు. లాగిన్ అయ్యాక మీ కబుర్లన్నీ ఎలాగూ విప్పి ఉన్నవే పోతున్నాయి. అందుకని ఇదంతా టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవలేకుండా కనెక్షన్ మొత్తాన్ని దాచే పద్ధతి) లోపల పెట్టండి.

సరిదిద్దాక నాలుగు దెబ్బలు కొట్టి చూడండి. పాత జవాబుని మళ్ళీ పంపండి. ఒకే జవాబుని రెండుసార్లు పంపండి. పదకొండో సెకనుకి పంపండి. ఒక్కో బైటు చొప్పున, మధ్యలో ఆగుతూ పంపండి. మొదటి మూడూ ఫెయిలవాలి (రెండోదాంట్లో రెండోసారి పంపినది), నాలుగోది పది సెకన్లలో పూర్తయితే పాసవ్వాలి. ఏది తిరగబడినా ఆ లాగ్ నాకు పంపండి, కాకపోతే లాగ్‌లో పాస్‌వర్డ్‌లు ప్రింటవుతున్నాయి, ముందు ఆ లైను తీసేయండి.

అమ్మని అడిగానని చెప్పండి.

మీ పెదనాన్న