పదో తరగతి పాసైన పిల్లలు పై చదువుకు ఎంతవరకు సిద్ధం? అపోహలు – వాస్తవాలు

నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లకు పిల్లలు ఇంటర్మీడియట్ దాటి వెళ్తారు కాబట్టి, వాళ్లలో కనిపించే లోపం బడిదో జూనియర్ కాలేజీదో తేల్చడం కష్టం. మాకు మాత్రం పదో తరగతి ఫలితాలు, ఆ వెనకే పాలిసెట్ ర్యాంకు పట్టుకుని నేరుగా బడి నుంచే వస్తారు. అందువల్ల హైస్కూలు వాళ్లకు ఏమిచ్చి పంపిందో, ఏమివ్వకుండా పంపిందో అందరికంటే ముందు మాకే తెలుస్తుంది.

కొత్త బ్యాచ్ చేరిన మొదటి వారంలో నేను పాఠం మొదలుపెట్టను. ఒక పెన్సిలును స్కేలు మీద, ఒక కొన 2 సెంటీమీటర్ల గీత దగ్గర, రెండో కొన 9.4 దగ్గర ఉండేలా పెట్టి, దాని పొడవు ఎంతో కాగితం మీద రాయమంటాను. 9.4 అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. 600కు 550 తెచ్చుకున్నవాళ్లు కూడా అందులో ఉంటారు. ఇది మా కాలేజీకే ప్రత్యేకమని మొదట్లో అనుకునేవాణ్ణి. 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలపై చేసిన అసర్ 2023 సర్వే చదివాక ఆ అభిప్రాయం మారింది. వస్తువు సున్నా దగ్గర మొదలైతే దాదాపు 85 శాతం మంది పొడవు సరిగ్గా చెప్పారు. అదే వస్తువును స్కేలు మీద కొంచెం పక్కకు జరిపితే చెప్పగలిగినవాళ్లు 39 శాతమే.

ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నల వెనుక కొన్ని నమ్మకాలు స్థిరంగా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: పదిలో మంచి మార్కులు వచ్చాయంటే పిల్లవాడు పై చదువుకు సిద్ధమైనట్టే.

వాస్తవం: ఆ మార్కులు అబద్ధం చెప్పవు, అయితే అవి చెప్పేది మనం అనుకునే సంగతి కాదు. తెలిసిన ప్రశ్నకు తెలిసిన జవాబును, తెలిసిన సమయంలో, ఒద్దికైన చేతిరాతతో రాయగలడని మాత్రమే చెబుతాయి. అది తక్కువ విషయమేమీ కాదు. క్రమశిక్షణ, ఓర్పు లేకుండా ఎవరికీ 550 రావు. కానీ కాలేజీలో మొదటి రోజు నుంచీ ఎదురయ్యేది తెలియని ప్రశ్న.

త్రికోణమితి అనువర్తనాల అధ్యాయం సంగతే చూడండి. గోపురం ఎత్తు, గాలిపటం దారం పొడవు, ఓడ నుంచి దీపస్తంభం దూరం వంటి లెక్కలను మా పిల్లలు కళ్లు మూసుకుని చేస్తారు. ఒకసారి వాళ్లను ఆవరణలోకి తీసుకెళ్లి, కోణమానిని, దారం, దారానికి కట్టడానికి ఒక నట్టు, కొలత టేపు ఇచ్చి, మా ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు కనుక్కోమన్నాను. పది నిమిషాల వరకు ఎవరూ కదల్లేదు, ఎందుకంటే ఏం కొలవాలో లెక్కలో ఇవ్వలేదు. చివరికి ఒక బృందం కోణం కొలిచింది, 38 డిగ్రీలు వచ్చింది. వాళ్లలో ఒకడు నా దగ్గరకు వచ్చి, "సార్, 38కి టాన్ విలువ పుస్తకంలో లేదు, కొంచెం వెనక్కి జరిగి 30 వచ్చేలా నిలబడమంటారా?" అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ, ఆ తరగతిలో ఆ రోజు విన్న అత్యుత్తమ ఆలోచన అదే. పుస్తకంలోని లెక్కకు సరిపోయేలా భూమి మీద తన చోటు మార్చుకోవచ్చని గ్రహించినవాడికి ఆ లెక్క అర్థమైనట్టే. వెనక్కి జరిగే కొద్దీ కోణం ఎందుకు తగ్గుతుందో అతను మిగతావాళ్లకు బొమ్మ గీసి చెప్పాడు కూడా. అతని పదో తరగతి మార్కులు ఆ బృందంలో అందరికంటే తక్కువ.

పాఠ్యపుస్తకాలను తప్పుపట్టడానికి లేదు. మన రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ రూపొందించిన గణిత పుస్తకాల్లో "ఇవి చేయండి", "ప్రయత్నించండి", "ఆలోచించి, చర్చించి, రాయండి" అనే పెట్టెలు పేజీపేజీకీ ఉన్నాయి. కాలేజీకి కావలసిన అలవాటు సరిగ్గా ఆ పెట్టెల్లోనే ఉంది. వాటిని ఎన్ని చేశారని అడిగితే, గైడులో వాటికి కూడా జవాబులు ఉంటాయని, అవి చూసి నోట్సులో ఎక్కించామని చాలామంది నిజాయితీగా చెబుతారు.

అపోహ: పునాది కాస్త బలహీనంగా ఉన్నా ఇంటర్‌లో రెండేళ్లు గట్టిగా చదివితే సర్దుకుంటుంది.

వాస్తవం: ఇంటర్ రెండేళ్లలో పాత లోపాలు సరిచేసే తీరిక ఎవరికీ ఉండదు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలకు మూడు గంటల సమయం ఇస్తారు. అంటే ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. ఆ వేగం కోసం సాగే చదువులో షార్ట్‌కట్‌లు, స్లిప్ టెస్టులు, వారాంతపు పరీక్షలు ఉంటాయి గానీ, ఎనిమిదో తరగతిలో రాని భిన్నాల కూడిక దగ్గరకు వెనక్కి వెళ్లేవాళ్లు ఉండరు. ప్రయోగశాల పరిస్థితి ఇంకా పలచన. 1000 మార్కుల ఎంపీసీలో చాలాకాలం పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ రెంటికీ కలిపి 60 మార్కులే ఉండేవి, అవి కూడా రెండో ఏడాదిలోనే.

ఆ భిన్నాల సంగతి ఊరికే అనలేదు. 3 ఓములు, 6 ఓముల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత అన్నది పదో తరగతి లెక్కే. సూత్రం అందరికీ నోటికి వచ్చు. మూడో వంతుకు ఆరో వంతు కలపాల్సిన చోట పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడి, తొమ్మిదిలో రెండు వంతులని వేసి, దాన్ని తిరగేసి 4.5 ఓములని రాసేవాళ్లు తరగతికి నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు. సరైన జవాబు 2 ఓములు. నన్ను బాధించేది ఆ కూడిక తప్పు కంటే ఎక్కువగా, 4.5 చూసి ఎవరికీ అనుమానం రాకపోవడం. కరెంటుకు రెండో దారి తెరిచాక మొత్తం నిరోధం ఉన్నవాటిలో చిన్నదైన 3 కంటే తగ్గాలి కదా అన్న స్పృహ సూత్రం బట్టీ పట్టడం వల్ల రాదు. బల్బులు, తీగలు, మీటరు చేతిలోకి తీసుకుని ఒక్క గంట గడిపితే వస్తుంది.

అపోహ: తెలుగు మీడియంలో చదివినవాళ్లు కాలేజీలో నెగ్గుకురాలేరు.

వాస్తవం: ఈ మాట నన్ను అడిగే తల్లిదండ్రుల గొంతులో భయం ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా జవాబు చెబుతాను. మొదటి మూడు నాలుగు నెలలు వాళ్లకు కష్టంగానే ఉంటుంది. పాఠం ఆంగ్లంలో, పుస్తకం ఆంగ్లంలో, ప్రశ్నపత్రం ఆంగ్లంలో ఉన్నప్పుడు ఆ కష్టం లేదనడం అబద్ధమవుతుంది. అయితే ఆ తర్వాత ఎవరు నిలబడతారన్నది మీడియంను బట్టి తేలడం నేను చూడలేదు.

ఒక ఏడాది మొమెంటమ్ పాఠం చెబుతూ, అంటే ఏమిటని అడిగాను. ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి నుంచి వచ్చిన అబ్బాయి నిర్వచనం గడగడా అప్పజెప్పాడు. సరే, మెల్లగా వచ్చే లారీకీ వేగంగా వచ్చే క్రికెట్ బంతికీ దీన్ని అన్వయించమంటే ఆగిపోయాడు. వెనక బెంచీలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు అమ్మాయి, "ద్రవ్యవేగమా సార్?" అని సందేహంగా అడిగింది. అవునమ్మా, చెప్పు అన్నాను. "ద్రవ్యరాశీ వేగమూ రెండూ కలిసినది కదా సార్, లారీకి మొదటిది ఎక్కువ, బంతికి రెండోది ఎక్కువ" అంది. నిర్వచనం ఆ తెలుగు మాటలోనే ఉంది. త్వరణం, విశిష్టోష్ణం, సమతలం వంటి మాటలు కూడా ఇలా తమ అర్థాన్ని తామే చెప్పుకునేవి. ఆ అమ్మాయికి కావలసింది ద్రవ్యవేగాన్ని మొమెంటమ్ అంటారన్న ఒక్క సమాచారం. ఆ అబ్బాయికి కావలసింది భావమే.

అందుకే ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చినప్పుడు నేను సంతోషించాను. వాటిని పారేయకుండా మొదటి సంవత్సరం పూర్తయ్యేదాకా దగ్గర పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను. నిజానికి వాళ్లను పరీక్షలో దెబ్బతీసేవి శాస్త్ర పదాలు కావు, ప్రశ్న ఏం చేయమంటుందో చెప్పే స్టేట్, డిఫైన్, డిరైవ్, డిస్టింగ్విష్, జస్టిఫై లాంటి క్రియలు. అలాంటివి ఇరవై కూడా ఉండవు. ఒక వారం కూర్చుంటే అయిపోయే పని.

గ్రామీణ ప్రభుత్వ బడుల పిల్లలను నమ్మి పెద్ద ఎత్తున చేసిన ప్రయత్నం ఒకటి మన కళ్లముందే ఉంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు మొదలైనప్పుడు, ప్రవేశాలు పదో తరగతి ఫలితాల మీదే పెట్టారు. తర్వాత పదిలో గ్రేడ్లు వచ్చాక, ప్రభుత్వ బడుల పిల్లల జీపీఏకు 0.4 అదనంగా కలిపే పద్ధతి తెచ్చారు. అంతకంటే ముఖ్యంగా, ఆరేళ్ల కోర్సులో మొదటి రెండేళ్లను ప్రీ యూనివర్సిటీ చదువుకు కేటాయించారు. పిల్లవాడిని ఎంచుకున్నంత మాత్రాన చాలదని, బడికీ ఇంజినీరింగ్‌కూ మధ్య దూరాన్ని తామే దాటించాలని సంస్థే ఒప్పుకున్న ఏర్పాటు అది.

అపోహ: పాలిటెక్నిక్, ఐటీఐ అంటే మార్కులు రానివాళ్లు చేరేవి.

వాస్తవం: నా ఉద్యోగమే ఇది కనుక నేను పక్షపాతంతో చెబుతున్నానని అనుకోవచ్చు. రైల్వేలో జూనియర్ ఇంజినీరు పోస్టుకు మూడేళ్ల డిప్లొమా అర్హత. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు నిర్దేశించిన ట్రేడులో ఐటీఐ గానీ, తగిన బ్రాంచిలో డిప్లొమా గానీ ఉండాలి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇవన్నీ తెలిసీ, "మావాడికి లెక్కలు రావు, అందుకే మీ దగ్గర చేర్పిద్దామని" అంటారు కొందరు తండ్రులు. మా మొదటి సంవత్సరం గణితం చూపించగానే వాళ్లు మాట్లాడటం మానేస్తారు.

డిప్లొమా చేతికి రాగానే ఉద్యోగం వరసలో నిలబడి ఉంటుందని కూడా నేను చెప్పను. మొదటి జీతాలు చిన్నవి, చాలావరకు సొంత ఊరికి దూరంగా. పారిశ్రామిక శిక్షణ సమయంలో కొందరు పని నేర్చుకుంటే, కొందరు హాజరు వేయించుకుని తిరిగి వస్తారు. ఆ తేడాకూ పదో తరగతి మార్కులకూ సంబంధం నాకైతే కనిపించలేదు.

అపోహ: బడిలో వృత్తి విద్య, ప్రయోగాలు కాలక్షేపం, ఆ పీరియడ్లు లెక్కలకు ఇస్తే మేలు.

వాస్తవం: సున్నా దగ్గర మొదలు కాని పెన్సిలు కథ చదివాక దీనికి వేరే జవాబు అక్కర్లేదు. 0.01 సెంటీమీటరు వరకు కొలిచే వెర్నియర్ కాలిపర్స్‌లో సున్నా దోషం, అంటే ఏమీ కొలవకముందే సున్నా గీతలు ఒకదానితో ఒకటి కలవకపోవడం, ఏమిటో ఆ పెన్సిలు దగ్గర ఆగిపోయినవాడికి ఎంత చెప్పినా ఎక్కదు.

అపోహ: తప్పంతా హైస్కూలు టీచర్లదే.

వాస్తవం: మా స్టాఫ్ రూములో ఈ మాట నేనూ అన్నాను. తర్వాత ఒక స్నేహితుడు పనిచేసే బడికి ఫిబ్రవరి నెలలో వెళ్లాను. పొద్దున ప్రత్యేక తరగతి, సాయంత్రం స్టడీ అవర్, గోడ మీద ఎ, బి, సి జాబితాలు. సి జాబితాలో ఉన్న పిల్లలను 35 మార్కులు దాటించడానికి ఒక్కో టీచరు ఇద్దరు ముగ్గురిని దత్తత తీసుకున్నారు. ఉత్తీర్ణత శాతం మీద సమీక్ష జరిగే చోట, ట్యాంకు ఎత్తు కొలవడానికి పిల్లలను బయటకు తీసుకెళ్లే టీచరుకు ఎవరు అండగా నిలబడతారు? కొలిచేది ఏదో, బడి దాన్నే తయారుచేస్తుంది. ఆ 35 కూడా చిన్న సంగతి కాదు, అది దాటకపోతే పిల్లవాడు మా దగ్గరకే కాదు, ఎక్కడికీ రాలేడు.

అపోహ: కాలేజీలో చేరేలోగా ఇక చేయగలిగిందేమీ లేదు, లేదా ఖరీదైన ఫౌండేషన్ కోర్సు కొనాలి.

వాస్తవం: పరీక్షలు అయ్యాక కాలేజీ తెరిచేదాకా రెండు నెలలకు పైగా ఉంటుంది. ఆ సెలవుల్లో భిన్నాలు, నిష్పత్తులు, ఘాతాంకాలు, ప్రమాణాల మార్పిడి ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల నుంచే మళ్లీ చేయించండి. రోజుకు గంట చాలు. చేయని "ప్రయత్నించండి" పెట్టెలను గైడు లేకుండా చేయమనండి, తప్పులు వస్తే రానివ్వండి. ఇంకొకటి, ఇంటికి వచ్చే కరెంటు బిల్లు చేతికివ్వండి. ఈ నెల రీడింగు నుంచి పోయిన నెల రీడింగు తీసివేసి యూనిట్లు రాబట్టడం దగ్గర మొదలుపెట్టి, ఏ శ్లాబుకు ఎంత రేటో వెతికి, స్థిర చార్జీ, సుంకం కలుపుకుని కింద ఉన్న మొత్తాన్ని తనంతట తాను తేవాలి. మా తరగతిలో ఈ పని ఇచ్చినప్పుడు సగం మంది మొదటిరోజు మొత్తం యూనిట్లను చివరి శ్లాబు రేటుతో గుణించి, బిల్లు తప్పు పడిందని ఫిర్యాదుతో వస్తారు. రెండో రోజు ఇంట్లో ఎవరినో అడిగి, ముక్కలు చేసి, పైసలతో సహా సరిపెట్టుకొస్తారు.