పళ్లు జివ్వుమంటున్నాయా? అపోహలు - వాస్తవాలు

చల్లని నీళ్లు తగలగానే పన్ను జివ్వుమని, క్షణాల్లో తగ్గిపోవడం దంతవైద్యులు తరచుగా వినే బాధ. పంటిపై ఉండే ఎనామిల్‌కు నొప్పి తెలియదు. దాని కింది డెంటిన్‌లో మాత్రం కంటికి కనబడని సన్నని గొట్టాలు వేల సంఖ్యలో, ద్రవంతో నిండి ఉంటాయి. ఎనామిల్ అరిగిపోయో, చిగురు తగ్గి వేరు బయటపడో వాటి నోళ్లు తెరుచుకున్నప్పుడు, చల్లదనానికి ఆ ద్రవం ఒక్కసారిగా కదిలి లోపలి నరాన్ని రేపుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రామ్ 1960లలో బలపరిచిన ఈ వివరణనే నేటికీ ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

అపోహ: గట్టిగా రుద్దితేనే పళ్లు శుభ్రపడతాయి.

వాస్తవం: పళ్లు జివ్వుమంటున్నాయని వచ్చేవారిలో చాలామంది పళ్ల శుభ్రతను అశ్రద్ధ చేసినవారు కారు, అతిగా తోమినవారు. పంటి మీద సన్నగా గాలి కొట్టి పరీక్షించినప్పుడు రోగి చెయ్యి ఠక్కున పైకి లేచేది చాలాసార్లు కోరపన్ను దగ్గరో, దాని వెనుక ఉన్న చిన్న దవడపన్ను దగ్గరో. అక్కడ చిగురును ఆనుకుని గొడ్డలివేటు లాంటి గాటు ఉంటుంది, పరికరం మొన అందులో తగులుకుంటుంది. కుడిచేత్తో తోమేవారికి ఈ గాట్లు తరచుగా ఎడమవైపు ఎక్కువ. గట్టి కుచ్చుల బ్రష్‌తో అడ్డంగా రుద్దడం, బొగ్గుపొడి, ఇటుకపొడి వంటి గరుకు పదార్థాలు వాడడం దీనికి ముఖ్య కారణాలు. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు కూడా దీనికి తోడవుతుంది. పొగాకు కలిసిన పళ్లపొడితో ఉపశమనం ఉంటుందని ఇప్పటికీ కొందరు వాదిస్తారు కానీ, పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకును కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. మెత్తటి బ్రష్‌ను పిడికిలితో కాక వేళ్ల కొసలతో పట్టుకుంటే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది.

అపోహ: గార తీయిస్తే పళ్లు అరిగి కదిలిపోతాయి.

వాస్తవం: పన్ను కదలడానికి కారణం గార తీయడం కాదు, ఏళ్ల తరబడి తీయకపోవడం. గార పేరుకున్న చోట చిగురు వాచి, పంటిని పట్టి ఉంచే ఎముక క్రమంగా కరుగుతుంది. శుభ్రం చేశాక వాపు దిగి, అంతవరకు గార కప్పి ఉంచిన వేరు బయటపడడంతో కొన్ని రోజులు జివ్వుమంటుంది. ఈ సంగతి ముందుగా చెప్పవలసింది వైద్యుడే. చెప్పకపోవడం వల్లనే ఈ అపోహ ఇంతగా బలపడిందని నా అభిప్రాయం.

అపోహ: సెన్సిటివ్ పేస్టు రెండు రోజులు వాడినా గుణం కనిపించలేదు కాబట్టి అది పని చేయదు.

వాస్తవం: 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నరాన్ని శాంతింపజేయడానికి రోజుకు రెండుసార్లు వాడితే 2 నుంచి 4 వారాలు పడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్ ఉన్నవి గొట్టాల నోళ్లను మూస్తాయి. తోమాక నురుగు ఉమ్మేసి, నీళ్లతో పదేపదే పుక్కిలించకుండా ఉంటే మందు పంటి మీద నిలుస్తుంది. 4 వారాలకూ తగ్గకపోతే పేస్టు మార్చి చూడడం కన్నా పన్ను చూపించుకోవడం మేలు.

అపోహ: పుల్లటిది తిన్న వెంటనే బ్రష్ చేసుకోవాలి.

వాస్తవం: నోటిలో పీహెచ్ (ఆమ్లతను చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది. పరగడుపునే తేనె, నిమ్మరసం కలిపిన గోరువెచ్చని నీళ్లు తాగి ఆ వెంటనే బ్రష్ అందుకునేవారు మెత్తబడిన పొరనే తోమేస్తున్నారు. అప్పటికి మామూలు నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. పళ్లు తెల్లబడతాయని నిమ్మచెక్కతో రుద్దడం ఇంకా హానికరం.

అపోహ: లవంగ నూనె రాస్తే సరిపోతుంది.

వాస్తవం: అది కాసేపు మొద్దుబారుస్తుందే తప్ప తెరుచుకున్న గొట్టాలను మూయదు, చిగురుకు తగిలితే పుండు పడవచ్చు.

అపోహ: జివ్వుమన్న ప్రతి పంటికీ రూట్ కెనాల్ చేయాలి.

వాస్తవం: చాలావాటికి అవసరం ఉండదు. గాటు లోతుగా ఉంటే పంటి రంగు సిమెంటుతో నింపుతారు, వేరు బయటపడిన చోట ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, పళ్లు కొరికే వారికి రాత్రి పెట్టుకునే తొడుగు ఇస్తారు. అయితే చల్లనిది మింగేశాక కూడా అర నిమిషానికి మించి సలుపుతున్నా, వేడికి నొప్పి వస్తున్నా, నిద్ర మధ్యలో నొప్పి లేపుతున్నా అది నరానికి సోకిన జబ్బు కావచ్చు. నమిలి వదిలినప్పుడు ఒకే చోట చురుక్కుమంటే పంటిలో చీలిక ఉందేమో చూడాలి. ఈ లక్షణాలు ఉన్నవారు పేస్టుతో కాలయాపన చేయకుండా ఎక్స్‌రే తీయించుకోవాలి.