కమోడ్ కింద రింగు పోయిందా? అపోహలు - వాస్తవాలు

మళ్లీ అదే ఫోన్. "కింది ఫ్లాట్ వాళ్లు సీలింగ్‌కి చెమ్మ పడుతోందని గొడవ చేస్తున్నారండీ, ఒకసారి వచ్చి కమోడ్ చుట్టూ వైట్ సిమెంట్ పూసి వెళ్తారా?" పూయనండీ అంటే, అంత చిన్న పనికి కూడా రానంటాడేంటి అని విసుక్కుంటారు. ప్లంబింగ్ పనిలో నాకు ఇంతగా తల తినే మాట ఇంకోటి లేదు, అందుకే ఒకేసారి ఇక్కడ రాసి పడేస్తున్నా.

అపోహ: చుట్టూ వైట్ సిమెంటో సిలికానో పట్టిస్తే లీకు ఆగిపోతుంది.

ఆగదు. మీకు కనపడకుండా పోతుంది, అంతే. కమోడ్ మూతి నేలలో ఉన్న నాలుగంగుళాల పైపులోకి దిగే చోట రబ్బరుదో వాక్స్‌దో ఒక రింగు ఉంటుంది. పాత ఇళ్లలో అదీ లేకుండా సిమెంటే కూరేసి ఉంటారు, అది వేరే ఖర్మ. ఫ్లష్ నీళ్లు పక్కకి పోకుండా, డ్రైనేజీ గ్యాస్ పైకి రాకుండా ఆపేది ఆ రింగే. బయట కనపడే తెల్ల గీతకి ఆ పనితో సంబంధం లేదు. అది కమోడ్ కదలకుండా, అంచు కిందికి మురికి చేరకుండా వేసింది. రింగు పోయాక ఆ గీతని మూడు పొరలు చేసి బిగించేస్తే నీళ్లు ఎటు పోవాలి? కిందికే. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబు చాలాచోట్ల సంకెన్, అంటే మిగతా ఇంటి కన్నా కిందికి దించి పోసింది, టైల్స్ కింద ఇటుక ముక్కలూ ఇసుకా నింపి ఉంటాయి. ఆ ఫిల్లింగ్ నెలల తరబడి మురుగు నీళ్లు తాగి తాగి, ఇక తాగలేనప్పుడు కింది వాళ్ల సీలింగ్ పెచ్చులు ఊడటం మొదలవుతుంది. అప్పుడు పై ఓనరుగారు "మా దగ్గర చుక్క తడి లేదు, కావాలంటే వచ్చి చూస్కోండి" అంటారు. ఆయన అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే తడి కనపడదు.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. తడి ఎక్కడిదో తెలియదు కాబట్టి ఎవరో ఒకరు వచ్చి బాత్రూమ్ మొత్తం పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయాలంటారు. మియాపూర్ వైపు ఒక రిటైర్డ్ టీచరమ్మకి సరిగ్గా ఇదే చెప్పి వెళ్లారు. కింది ఫ్లాట్‌తో మాటల్లేవు, అసోసియేషన్ మీటింగ్‌లో నిలదీశారట, పాపం ఆవిడకి రాత్రుళ్లు నిద్ర లేదు. నేను వెళ్లి కమోడ్ మీద రెండు చేతులూ ఆనించి పక్కకి నెట్టాను. వైట్ సిమెంట్‌లో వెంట్రుక మందాన చీలిక తెరుచుకుంది, అందులోంచి ఒక నీటి బుడగ వచ్చి చిట్లింది. తీసి చూస్తే రింగు ఒక పక్క మాత్రమే నలిగి ఉంది, రెండో పక్క పైపుని ముట్టుకోనే లేదు. కారణం ఏంటంటే అంతకుముందు పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయించారు. నేల లేచింది, పైపు మూతి మాత్రం కిందే ఉండిపోయింది. పైపుకి ముక్క అతికి ఎత్తు సరిచేసి, కొత్త రింగు వేసి, కదలకుండా కమోడ్ బిగించాం. "ఇంతేనా నాయనా?" అని రెండుసార్లు అడిగింది ఆవిడ. రింగు ఖర్చు కొన్ని వందలు, మిగతాది కూలీ. కింద సీలింగ్ ఆరడానికి మాత్రం వారాలు పట్టింది. ఫిల్లింగ్ తాగిన నీళ్లు ఒక్క రోజులో పోవు, కాబట్టి రింగు మార్చిన మర్నాడే పెయింట్ వేయించి "మళ్లీ మరక వచ్చింది" అని ఎవరినీ తిట్టకండి.

అపోహ: కమోడ్ దగ్గర తడి ఉందంటే రింగు పోయినట్టే.

కాదు. హెల్త్ ఫాసెట్ కారొచ్చు, గోడకుండే చిన్న కుళాయి, అదే యాంగిల్ కాక్, కారొచ్చు, ట్యాంకుకీ బౌల్‌కీ మధ్య వాషర్ పోయి ఉండొచ్చు. ఎవరినీ పిలవకముందే మీరే తేల్చుకోవచ్చు. నేల పొడిగా తుడిచి చుట్టూ పాత న్యూస్‌పేపర్ పరిచి గంటసేపు ఎవర్నీ వాడనివ్వకండి. వాడకుండానే పేపరు తడిస్తే రింగుని వదిలేసి కుళాయి పైపుల వైపు చూడండి, ఎందుకంటే కింద జాయింటులో నీళ్లు నిలవ ఉండవు, బౌల్‌లోంచి నీళ్లు దిగినప్పుడే వస్తాయి. పేపరు పొడిగా ఉంటే ఫ్లష్ ముట్టుకోకుండా బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు నీలిమందు కలిపి బౌల్‌లో గబుక్కున గుమ్మరించండి. అంచు దగ్గర నీలం కనిపిస్తే రింగు, లేదా అరుదుగా బౌల్‌కే పగులు. బకెట్‌కి రాకుండా ఫ్లష్ కొడితేనే తడిస్తే ట్యాంకు వాషర్. చుట్టూ సిమెంట్ దట్టంగా బిగించి ఉంటే మాత్రం ఈ పరీక్ష నమ్మకండి. అప్పుడు ఆ కమోడ్ ఒక్కటీ కొన్నాళ్లు ఆపేసి, అదే బాత్రూమ్‌లో స్నానాలు మామూలుగా చేస్తూ కింద చెమ్మ తగ్గుతోందా లేదా గమనించండి. వేరే బాత్రూమ్ లేనివాళ్లకి ఇది కష్టమే, తెలుసు.

ఇంకో గుర్తు, కమోడ్ ఊగడం. కూర్చుంటే కాస్త కదిలినట్టుంటే "పర్లేదులే" అనుకోవద్దు. ఒకసారి నలిగిన వాక్స్ చపాతీ పిండిలా అలాగే ఉండిపోతుంది, తిరిగి పొంగదు, కాబట్టి కదిలిన ప్రతిసారీ సందు పెరుగుతుంది. అలాగని బోల్టులు మరీ బిగించినా పింగాణీ పగులుతుంది.

అపోహ: వాసన వస్తే రింగు మార్చాలి.

ముందు ఒక బకెట్ నీళ్లు పోయండి. బౌల్ అడుగున ట్రాప్‌లో, అంటే వంపులో, రెండంగుళాల లోతున నిలిచే నీళ్లే గ్యాస్‌ని ఆపుతాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్ల తర్వాత ఇల్లు తెరిస్తే ఆ నీళ్లు ఆరిపోయి ఉంటాయి, నహానీ ట్రాప్‌లోవి (బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే జాలీ కింద ఉండేది) కూడా. రెండు చోట్లా పోశాక కూడా కమోడ్ మొదట్లో వాసన వదలకపోతే అప్పుడు రింగు సంగతి చూద్దాం.

అపోహ: రెండు మూడేళ్లకోసారి రింగు మార్చేయాలి.

అక్కర్లేదు. కదలకుండా కూర్చున్న కమోడ్ కింద రింగు దశాబ్దాలు ఉంటుంది. కానీ ఏ కారణానికైనా కమోడ్ పైకెత్తారా, వాక్స్ రింగైతే కొత్తది వేయాల్సిందే, పాతదాన్ని సర్ది పెట్టనివ్వకండి.

మిగతావి గబగబా. లైను బ్లాకై నీళ్లు అంచుల్లోంచి తన్నుకొస్తుంటే ముందు బ్లాక్ తీయించండి, అది తీయకుండా రింగు మారిస్తే కొత్త రింగు కూడా పాడైపోతుంది. యాసిడ్ పోసి కడిగితే జాయింటు "క్లీన్" అవుతుందనేవాళ్లకి: యాసిడ్ సిమెంట్‌ని తినేస్తుంది, సిమెంట్ కూరిన జాయింటైతే లీకుకి మీరే దారి వేసినట్టు. అమెరికాలో చెక్క ఫ్లోరింగ్ ఇళ్లలో ఉంటున్న మనవాళ్లు కమోడ్ పక్కన నేల మెత్తగా అనిపిస్తే ఆలస్యం చేయొద్దు, అక్కడ నానేది మీ ఫ్లోరే.

పనయ్యాక చుట్టూ సిలికాన్ వేయించుకోండి, తప్పు లేదు. వెనకవైపు మాత్రం రెండంగుళాలు వదిలేయమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి, రేపు రింగు పోయినా ఆ సందులోంచి నీళ్లు బయటికొచ్చి మీ కంటికి కనపడతాయి.