"ఈ ఏడాది మోనార్క్‌లు రాలేదట!" – అపోహలు, వాస్తవాలు

అక్టోబర్ చివరికొచ్చేసరికి నా ఫోన్‌కి ఒకటే మెసేజ్‌లు. "ఈసారి మోనార్క్‌లు రాలేదటండీ, టికెట్లు క్యాన్సిల్ చేసేయమంటారా?" అని. మెక్సికో కొండల్లో చలికాలమంతా ఈ సీతాకోకచిలుకలను గమనించడమే నా పని కాబట్టి, అమెరికాలో ఉన్న మనవాళ్లు నన్నడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. పిల్లలకు చూపిద్దామని నెలల ముందే సెలవు పెట్టుకున్నవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఒళ్లు మండేది ఆ "అట" పుట్టించేవాళ్ల మీద.

అపోహ: నవంబర్ 2 లోపు రాకపోతే ఇక ఆ ఏడాది రానట్టే

మిగతా అపోహలన్నీ కలిపి చేసేదానికన్నా ఎక్కువ నష్టం ఇదొక్కటే చేస్తుంది. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

మెక్సికో దేశంలో మిచోఆకాన్ రాష్ట్రమూ, 'మెక్సికో' అన్న పేరే ఉన్న ఇంకో రాష్ట్రమూ కలిసేచోట, దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉండే ఒయామెల్ అనే ఫర్ చెట్ల అడవుల్లో మోనార్క్‌లు చలికాలం గడుపుతాయి. ఆ అడవి చుట్టూ ఎహీదోల (ఉమ్మడి భూమి ఉన్న రైతు సమాజాల) ఊళ్లు, మసావా, ఒటోమీ ఆదివాసీల పల్లెలు. నవంబర్ 1, 2 తేదీల్లో అక్కడ చనిపోయినవాళ్లను తలుచుకునే పండుగ. బంతిపూలు పరిచి, పోయినవాళ్ల ఫొటోలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి పెడతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే కొండ మీద మోనార్క్‌లు కనిపించడం మొదలవుతుంది కాబట్టి, ఇంటి పెద్దల ఆత్మలే అలా తిరిగొస్తాయని అక్కడివాళ్ల నమ్మకం. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. దాన్ని రైల్వే టైంటేబుల్‌లా చదివేవాళ్లతోనే పేచీ.

బరువు చూస్తే అర గ్రాము. ఎక్కడో కెనడా సరిహద్దు నుంచి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు రావాలి. ఉత్తరపు గాలి వీస్తే దాని మీద తేలుతూ వస్తాయి, దక్షిణపు గాలి ఎదురైతే చెట్లకు వేలాడి ఆగిపోతాయి. వాన పడితే ఆగుతాయి. దారిలో పూలుంటే తేనె తాగడానికీ ఆగుతాయి, ఎందుకంటే చలికాలమంతా వాటిని బతికించేది దారిలో కూడబెట్టుకున్న కొవ్వే. టెక్సాస్‌లో అక్టోబర్ వేడి తగ్గక చల్లగాలులు ఆలస్యమైతే గుంపు మొత్తం వెనకబడుతుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లం కొండ వైపు కాదు, ఉత్తరం వైపు చూస్తాం. ఉత్తర మెక్సికోలోని కోఆవీలా, నువేవో లియోన్ రాష్ట్రాల్లో, వలసను గమనించే 'కొర్రేయో రియాల్' కార్యక్రమపు వాలంటీర్లు ఎక్కడ గుంపు కనిపించిందీ, ఎటు పోతోందీ రాసి పంపిస్తుంటారు. కోఆవీలాలోని సాల్తీయో ఊరి మీదుగా గుంపులు దాటాయన్న కబురు అందిందంటే ఇక కంగారు అక్కర్లేదు, మిగిలిందల్లా ఓపిక పట్టడమే.

ఇంకో సంగతి. వచ్చిన కొత్తలో అవి మీరు ఫొటోల్లో చూసినట్టు గుత్తులుగా ఉండవు. శిఖరాల మీద పల్చగా చెదిరి ఉంటాయి. ఈ సాయంత్రం ఒక చెట్టు, రేపు ఇంకో చెట్టు. డిసెంబర్ వస్తేగానీ గుంపు ఒకచోట కుదురుకోదు. నవంబర్ మొదటి వారంలో కింద రోడ్డు మీద నిలబడి, ఫోన్ పైకెత్తి "చూశారా, ఒక్కటీ లేదు" అంటే ఏం కనిపిస్తుంది? అప్పటికి శాంక్చువరీల గేటే తీయరు. మామూలుగా నవంబర్ మూడో వారం ప్రాంతంలో తెరిచి, మార్చి చివరిదాకా ఉంచుతారు.

అలాంటి వీడియో ఒక ఏడాది తెగ తిరిగింది. ఎల్ రొసారియో శాంక్చువరీ దారిలో రొట్టెలు కాల్చే ఒక పెద్దావిడ దగ్గర నేను తింటుంటాను. నీలి మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుని రెండు అరచేతుల మధ్య తట్టి, పెనం మీద పడేసి, అట్లకాడ లేకుండా వేళ్లతోనే తిప్పేస్తుంది. సీజన్ కోసం అప్పు చేసి మొక్కజొన్న, కట్టెలు తెచ్చి పెట్టుకుంది. నవంబర్ సగంలో ఉత్తరం నుంచి చల్లగాలి దిగింది, దాంతోపాటే సీతాకోకలూ దిగాయి. మధ్యాహ్నం ఎండకి లోయ మీద ఎటు చూసినా నారింజ రంగే. రోడ్డు మాత్రం ఖాళీ. "అవి వచ్చాయి, మీవాళ్లే రాలేదు" అంది నాతో, తలెత్తకుండా రొట్టె తిప్పుతూ. ఏం చెప్పను?

అక్కడ గైడు, గుర్రాన్ని అద్దెకిచ్చేవాడు, టికెట్లు చింపేవాడు, అందరూ ఎహీదో సభ్యులో వాళ్ల పిల్లలో. ఏడాదిలో నాలుగు నెలలే ఆ రాబడి. అది పోతే ఇంట్లో కుర్రాడు పనికోసం సిటీకో, అమెరికాకో పోతాడు. వాడు పోతే రాత్రిళ్లు అడవిలో కాపలా తిరిగేవాడు ఒకడు తగ్గినట్టే.

అపోహ: లెక్క తగ్గిందంటే చూడటానికి ఏమీ ఉండదు

మోనార్క్‌లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. డిసెంబర్‌లో అవి ఎంత అడవిని కప్పి ఉన్నాయో హెక్టార్లలో కొలుస్తారు. 1996-97 చలికాలంలో 18.19 హెక్టార్లు. 2013-14లో 0.67. 2023-24లో 0.90 అని రాగానే "అంతరించిపోయాయి" అని హెడ్డింగులు. మరుసటి ఏడాది 1.79 రాగానే "రెట్టింపు, ఇక బెంగ లేదు" అని హెడ్డింగులు. రెండూ తప్పే. జాతి పరంగా చూస్తే 1.79 కూడా భయపెట్టే అంకే, ఒక్క మంచు తుఫాను చాలు. కానీ మీరు చూడబోయేదానికీ ఆ అంకెకీ సంబంధం తక్కువ. అంచనాలు రకరకాలుగా ఉన్నా, తరచూ వాడే లెక్క ప్రకారం హెక్టారుకి సుమారు 2 కోట్లు. ఆ 0.90 ఏడాదిలోనూ గుంపు దిగిన చెట్లకి కొమ్మలు వంగే ఉన్నాయి. ఎండ పడగానే అవన్నీ ఒక్కసారి రెక్క విప్పితే వచ్చే చప్పుడు ఆ ఏడాదీ వినిపించింది.

అపోహ: ఊరివాళ్లు చెట్లు కొట్టేయడం వల్లే తగ్గాయి

దొంగ నరుకుడు ఉంది, మిచోఆకాన్‌లో అవకాడో తోటల కోసం అడవి మీద కన్నేసినవాళ్లూ ఉన్నారు. కాదనను. ఆ చెట్లే చలికాలంలో వాటికి గొడుగూ, దుప్పటీ. చెట్లు పల్చబడి రెక్కలు తడిస్తే అవి చలిని అస్సలు తట్టుకోలేవు. కానీ ఎన్ని వస్తాయన్నది ఎక్కువగా తేలేది అమెరికాలో. గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ ఆకు ఒక్కటే, మన జిల్లేడు కుటుంబపు మొక్క. కలుపు మందును తట్టుకునే మొక్కజొన్న, సోయా వచ్చాక అక్కడి పొలాల్లో మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోయింది. ఆ పాపం కూడా కొండమీదివాళ్ల నెత్తినే వేస్తే ఎలా? 56,259 హెక్టార్ల రిజర్వులో ఎక్కువ భూమి ఎహీదోలది, ఆదివాసీ సమాజాలది. 2000లో రక్షణ పరిధి పెంచినప్పుడు నడిమి భాగంలో (కోర్ జోన్‌లో) ఉన్న వాళ్ల సొంత అడవిలోనే గొడ్డలి ఎత్తకూడదన్నారు. నష్టపరిహారంగా 'ఫోందో మోనార్కా' నిధి నుంచి కొంత ఇస్తారు, దానికితోడు ఈ టూరిజం. నారు పెంచి ఒయామెల్ మొక్కలు నాటేదీ ఆ ఊళ్లవాళ్లే.

ఇక మిగతావి గబగబా.

పోయిన ఏడాది వచ్చినవే మళ్లీ వస్తాయా? రావు. ఇక్కడికొచ్చేవి ఎనిమిది నెలల దాకా బతికే తరం. మార్చిలో బయల్దేరి ఉత్తర మెక్సికో, టెక్సాస్‌లలో గుడ్లు పెట్టి పోతాయి. ఆ తర్వాతి తరాలు కొన్ని వారాలే బతుకుతాయి. శరత్కాలంలో వచ్చేవి వాటి మునిమనవళ్లు, దారి ఎన్నడూ చూసి ఎరగనివి.

కింద రాలి ఉన్నవన్నీ చచ్చినవేనా? కాదు. ఉదయం చలికి కదల్లేక పడి ఉంటాయి. వంగి చూడండి, రెక్కలు సన్నగా వణుకుతుంటాయి, అలా ఒళ్లు వేడి చేసుకుంటున్నాయి. తొక్కకండి, ముట్టుకోకండి. నిజంగా చచ్చినవీ బోలెడు ఉంటాయి, ఈ సీతాకోకలను చంపి తినే పిట్టలే రెండు రకాలున్నాయి.

1975లో విదేశీయులు "కనిపెట్టారా"? ఆ ఏడాది జనవరి 2న సెర్రో పెలోన్ అనే కొండ మీద గుంపును చూసింది కెన్ బ్రగ్గర్, కాతలీనా అగ్వాదో. కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ అర్కార్ట్ తరఫున వెతుకుతూ చూశారు. అవి ఉత్తరం నుంచి వచ్చినవేనని లోకానికి తెలిసింది అప్పుడు. కొండమీదివాళ్లకి మాత్రం ఆ చెట్లూ తెలుసు, ఆ గుత్తులూ తెలుసు. పైగా కాతలీనాది మిచోఆకానే.

రెక్కకి స్టిక్కర్ ఉంటే పీకేయాలా? అయ్యో, వద్దు. వెనక రెక్క మీద చిన్న గుండ్రటి ట్యాగ్, దాని మీద అక్షరాలూ అంకెలూ. వీటి వలసను గమనించే మోనార్క్ వాచ్ సంస్థ‌వాళ్లు అమెరికాలో అంటించినది. అడవిలో దొరికిన ట్యాగులకు వాళ్లు డబ్బులిస్తారు, అది దొరికించుకున్న ఊరివాళ్లకే చెందాలి. మీకు కనిపిస్తే గైడుకు చూపించండి.

ప్రయాణం సంగతికొస్తే, నవంబర్ మొదటి వారానికి టికెట్లు తీసుకోకండి. పండుగ చూడాలంటే వేరే మాట. జనవరి, ఫిబ్రవరి మంచివి. శని, ఆదివారాలు వదిలేయండి. ఎండ కాసే రోజు పదకొండు దాటాక పైన ఉండేలా చూసుకోండి. చలి వదిలితేగానీ అవి ఎగరవు. వచ్చాయా లేదా అన్నది శాంక్చువరీ వాళ్లకో, కొండ దగ్గరి ఊరు అంగాంగేయోలో మీరు దిగబోయే లాడ్జికో ఫోన్ చేసి అడగండి. వాట్సాప్ గ్రూపులో కాదు.

టెక్సాస్ పెరట్లో ఎర్ర, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ పెంచుతున్నవాళ్లు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా దాన్ని మొదలుకంటా కత్తిరించి ఉంచండి. ఏడాది పొడవునా పచ్చగా ఉంటే దాని మీద ఓఈ అనే పరాన్నజీవి పేరుకుపోతుంది, కొన్ని సీతాకోకలు ప్రయాణం మానేసి అక్కడే గుడ్లు పెడతాయి. వీలైతే అక్కడి నేలలో సహజంగా పెరిగే రకమే వేయండి, చలికి అది తనంతట తానే ఎండిపోతుంది.