లౌక్కాయ్‌లో లొంగుబాటు, మండలేలో పాస్‌పోర్ట్ క్యూ

మయన్మార్‌లో నిర్బంధ సైనిక భర్తీ మీద గొడవ చల్లారడం లేదు. కొత్త బ్యాచ్‌కి పిలుపు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాజుకుంటోంది. 2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక తిరుగుబాటు, ఆంగ్ సాన్ సూకీ అరెస్టు, తర్వాత చెలరేగిన అంతర్యుద్ధం అందరికీ తెలిసినవే. ఈ భర్తీ సంగతి అర్థం కావాలంటే మాత్రం చైనా సరిహద్దులోని లౌక్కాయ్ పట్టణానికి వెళ్ళాలి.

2023 అక్టోబరు 27న మూడు సాయుధ గ్రూపులు కలిసి ఉత్తర షాన్ రాష్ట్రంలో సైన్యం మీద ఒక్కసారిగా దాడికి దిగాయి. శిబిరాలు ఒకటొకటే పోయాయి. 2024 జనవరి మొదటి వారంలో లౌక్కాయ్‌లో 2,000 మందికి పైగా సైనికులు ఆయుధాలు కింద పెట్టేశారు. వాళ్ళలో ఆరుగురు బ్రిగేడియర్ జనరల్స్ ఉన్నారు. 2009లో ఇదే పట్టణాన్ని పట్టుకుని పేరు తెచ్చుకున్న సైనికాధికారి మిన్ ఆంగ్ లైంగ్. తిరుగుబాటు చేసి దేశాన్ని చేతిలోకి తీసుకున్నదీ ఆయనే. ఆయన సైన్యానికి అంతకు ముందెన్నడూ ఇంత అవమానం జరగలేదు.

సుమారు ఐదు వారాలకు, ఫిబ్రవరి 10న, నిర్బంధ సైనిక సేవా చట్టం అమల్లోకి వచ్చిందని ప్రకటించారు. చట్టం కొత్తది కాదు. 2010 నవంబరులో అప్పటి సైనిక పాలకుడు థాన్ ష్వే హయాంలో రాసి పెట్టుకున్నదే. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు రెండేళ్ళు పనిచేయాలి. డాక్టర్లు, ఇంజినీర్ల వంటి వాళ్ళకైతే వయసు పరిమితీ ఎక్కువే, సేవ మూడేళ్ళు. ఎమర్జెన్సీలో దాన్ని ఐదేళ్ళ దాకా పొడిగించవచ్చు. తప్పించుకుంటే జైలు. పదమూడేళ్ళు ఎవరూ ముట్టుకోని ఈ కాగితాన్ని తిరుగుబాటు తర్వాత మూడేళ్ళపాటు కూడా బయటికి తీయలేదు. లౌక్కాయ్ పోయాకే తీశారు. దేశరక్షణ పౌరులందరి బాధ్యత అని సైన్యం చెప్పింది. ఏడాదికి 60,000 మందిని, విడతకు 5,000 చొప్పున తీసుకుంటామంది.

జనం జవాబు వీధుల్లో నినాదాలుగా రాలేదు. ఊరేగింపు తీస్తే కాల్పులు జరుగుతాయని 2021లోనే చూశారు. అందుకే క్యూలు కట్టారు. యాంగోన్‌లో, మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు ‘రంగం’ అని పిలుచుకునే ఆ రంగూన్‌లో, థాయ్ ఎంబసీ ముందు వీసా కోసం వందల మంది నిలబడ్డారు. ఫిబ్రవరి 19న మండలే పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర తోపులాటలో ఇద్దరు మహిళలు చనిపోయారు. ఒకరి వయసు 39, మరొకరిది 52. సైన్యం పిలిచే వయసు ఇద్దరిదీ దాటిపోయింది. మే నెలకల్లా మగవాళ్ళు విదేశాల్లో పనికి వెళ్ళే అనుమతులు కూడా ఆపేశారు.

ఇంత భయం ఎందుకంటే, సరిహద్దు పల్లెల్లో ‘పోర్టర్’ అన్న మాట వింటే ఇప్పటికీ వణుకు పుడుతుంది. సైనికులు ఊళ్ళోకి వచ్చి మగవాళ్ళను పట్టుకుపోయి మందుగుండు మోయించేవారు. మందుపాతరలు ఉన్నాయేమోనన్న దారిలో ముందు నడిపించేవారు. 1998లో అంతర్జాతీయ కార్మిక సంస్థ విచారణ సంఘం ఈ వెట్టిచాకిరీ దేశమంతా ఉందని తేల్చింది. కాబట్టి వార్డు అధికారి పేర్ల లిస్టు పట్టుకుని తలుపు తడితే, ఇంట్లో వాళ్ళకు అది చట్టంలా అనిపించదు. ఆ లిస్టులోంచి తీసే లాటరీలో పేరు వస్తే, తప్పించుకోవడానికి లంచం ఇవ్వాలి, లేదా డబ్బిచ్చి మరో పేద కుర్రాణ్ణి బదులుగా పంపాలి. అందుకే అప్పులు చేసి పొలాలు అమ్ముకున్నారు. 1982 చట్టంతో పౌరసత్వం దక్కకుండా పోయిన రోహింగ్యాలను సైతం వాళ్ళు తలదాచుకున్న శిబిరాల నుంచి తీసుకెళ్ళారు. పౌరులే కాదన్న మనుషులకు పౌరుల బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో సైన్యం చెప్పలేదు.

సైన్యంతో పోరాడే గ్రూపుల్లోనూ కొన్ని ఇంటికొకరిని తీసుకున్నాయి. అదీ తప్పే.

ఉత్తర షాన్‌లో చేజారిన నౌంగ్‌క్యో, చౌక్‌మే వంటి పట్టణాలు 2025లో మళ్ళీ సైన్యం చేతికి వచ్చాయి. కొద్ది నెలల శిక్షణతో ముందు వరుసకు పంపిన కుర్రాళ్ళతోనే సైన్యంలో ఖాళీలు నిండాయి. ఇక ఊళ్ళో మిగిలినవాళ్ళ సంగతి చూస్తే, ఇంట్లో రాత్రి బస చేసే చుట్టం పేరు వార్డు ఆఫీసులో నమోదు చేయాలన్న నిబంధనను సైన్యం తిరుగుబాటు చేసిన నెలలోనే మళ్ళీ తెచ్చింది. అప్పుడు ఉద్యమకారుల కోసం చేసిన ఆ అర్ధరాత్రి తనిఖీలు ఇప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ కోసం జరుగుతున్నాయి. మేనమామ ఇంట్లో పడుకున్న పిల్లవాడు కూడా అందులో దొరికిపోతాడు.