బండికి మోటారు ఎందుకు వద్దంటే

ప్రియమైన పిల్లలకు,

మీ అందరికీ ఆశీస్సులు. పెరట్లో రోలర్ కోస్టర్ మోడల్ కడతామని రాశారు, బొమ్మ కూడా గీసి పంపారు. నాలుగు రోజులుగా ఆ బొమ్మ నా బల్ల మీదే ఉంది. మీరు అడిగింది ఒకటే: బండికి ఏ మోటారు పెట్టాలి? ఏ మోటారూ వద్దు. ఎందుకు వద్దో తెలిస్తే మిగతా పనిలో సగం తెలిసినట్టే, అందుకే ఉత్తరం కాస్త పెద్దదవుతోంది.

పెద్ద రోలర్ కోస్టర్లలో కూడా చాలావాటి బండ్లకు మోటారు ఉండదు. అది కింద నేల మీద ఉండి ఒక గొలుసును తిప్పుతుంది. ఆ గొలుసు బండిని మొదటి మిట్ట పైదాకా లాక్కెళ్ళి వదిలేస్తుంది. ఇక అక్కడి నుంచి బండికి ఉన్న ఆస్తి ఆ ఎత్తు ఒక్కటే. దిగుతుంటే ఎత్తు పోయి వేగం వస్తుంది, ఎక్కుతుంటే వేగం పోయి ఎత్తు వస్తుంది. ఉయ్యాలను వెనక్కి లాగి వదిలి చూడండి. మధ్యలో ఎవరూ తొయ్యకపోతే అవతలి వైపు అంతకన్నా పైకి ఎప్పుడూ పోదు, ఊగిన కొద్దీ కాస్త కాస్త తగ్గుతుంది. మీ బొమ్మలో రెండో మిట్ట మొదటిదానికన్నా ఎత్తుగా ఉంది. ముందు దాన్ని మార్చండి.

వేగం లెక్క మీరే కట్టుకోవచ్చు. దిగిన ఎత్తును మీటర్లలో తీసుకుని 19.6తో గుణించి వర్గమూలం కడితే, సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. మీటరున్నర ఎత్తు నుంచి దిగితే సెకనుకు 5.4 మీటర్లు, అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. రాపిడి వల్ల నిజంగా వచ్చేది ఇంతకన్నా తక్కువే. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా లేదు, గమనించారా?

అయినా బండి మరీ తేలికగా ఉండకూడదు. మోడల్‌ను అసలు దానిలో 20వ వంతుకు కుదిస్తే, గాలిని తోసుకుపోయే ముఖం 400వ వంతుకు తగ్గుతుంది, బరువు మాత్రం 8,000వ వంతుకు పడిపోతుంది. అందుకే ఒకే వేగంతో పోతుంటే పెద్దదానికన్నా చిన్న బండిని గాలి తేలిగ్గా ఆపేస్తుంది. అడుగున, చక్రాల దగ్గరగా కొంత ఇనుము బిగించండి. ఇంకొక సంగతి. ట్రాక్ 20 రెట్లు చిన్నదైనా వేగం నాలుగున్నర రెట్లే తగ్గుతుంది, కాబట్టి మీ బండి చూసేవాళ్ళకి మరీ హడావిడిగా పరుగెడుతున్నట్టు ఉంటుంది. తప్పు మీది కాదు. వీడియో తీసి నాలుగు రెట్ల స్లో మోషన్‌లో చూడండి, పెద్ద రోలర్ కోస్టర్‌లాగే కనిపిస్తుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదటిసారి కట్టినప్పుడు ట్రాక్ మొత్తం పూర్తయ్యాకే బండి వదిలాను. అది రెండో మిట్ట సగం ఎక్కి, వెనక్కి జారి, పల్లంలో అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. మూడు వారాల పని మళ్ళీ విప్పాల్సి వచ్చింది. ఆ రోజు నాకు చాలా ఏడుపొచ్చింది. మీరు అలా చేయొద్దు. ముందు ఆరు మీటర్ల ట్రాక్ ముక్క ఒక్కటే కట్టండి, ఒక పక్క దిగుడు, మధ్యలో మెత్తటి వంపు, ఇంకో పక్క ఎక్కుడు. మీటరు ఎత్తు నుంచి బండిని వదిలి, అవతల ఎంత ఎత్తు దాకా వెళ్ళిందో గుర్తు పెట్టండి. నా బండి ఆరు మీటర్లు నడిచి 70 సెంటీమీటర్లే ఎక్కింది. 30 సెంటీమీటర్లు దారిలో పోయాయి, అంటే మీటరుకు ఐదు. ఈ లెక్కన 20 మీటర్లు నడిస్తే మీటరు ఎత్తు ఖర్చయిపోతుంది. ఇంకేం మిగులుతుంది?

తప్పంతా బేరింగులదని తర్వాత తెలిసింది. స్కేటింగ్ చక్రాల్లో వాడే బేరింగులు వేశాను, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22 ఉంటుంది, అందరికీ దొరికేవే. కానీ కొత్త వాటిలో చిక్కటి గ్రీజు నింపి ఉంటుంది. పెద్దవాళ్ళ చేత దాన్ని కిరసనాయిల్‌తో కడిగించి, ఆరాక పల్చటి నూనె ఒక చుక్క వేస్తే నష్టం మీటరుకు రెండున్నర సెంటీమీటర్లకు దిగింది. చలిగా ఉన్న ఉదయం గ్రీజు ఇంకా బిగుసుకుంటుంది. పెద్ద రోలర్ కోస్టర్లు కూడా పొద్దున కన్నా మధ్యాహ్నం వేగంగా పోవడానికి ఇదొక కారణం.

ఈ అంకె చేతిలో ఉంటే మిట్టల ఎత్తు ఊహించుకోనక్కర్లేదు. మొదటి మిట్ట మీటరున్నర, రెండోది అక్కడికి ఎనిమిది మీటర్ల దూరం అనుకోండి. దారిలో 20 సెంటీమీటర్లు పోతాయి, 130 మిగులుతాయి. రెండో మిట్టను మీటరు దగ్గర ఆపితే, దాని మీద బండికి ఇంకా 30 సెంటీమీటర్ల మిగులు ఉంటుంది. మలుపుల్లో, పల్లాల్లో చక్రాలు ట్రాక్‌ను గట్టిగా నొక్కుతాయి కనుక నష్టం పెరుగుతుంది. ఆ మిగులు అందుకే.

మిట్ట ఏ ఆకారంలో ఉండాలి? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టాన్ని కొంచెం పైకి పట్టుకుని నీళ్ళు వదలండి. ధార పైకి లేచి, వంగి, కిందికి పడుతుంది. మీ బండి మిట్ట ఎక్కేటప్పుడు ఎంత వేగంతో, ఎంత వాలుగా ఉంటుందో నీటి ధార కూడా అలాగే బయలుదేరితే, ఆ ధార గీసిన గీతే బండి బరువు లేకుండా తేలే దారి. మిట్టను అంతకన్నా చదునుగా కడితే బండి ట్రాక్‌ను నొక్కుతూ పోతుంది. అంతకన్నా మొనగా కడితే గాల్లోకి లేవబోతుంది. నేను ఒక సాయంత్రమంతా అట్ట మీద ఆ ధార నీడ పడేలా నిలబెట్టి, పెన్సిల్‌తో గీసుకున్నాను.

లేవబోయే బండిని పట్టి ఉంచడానికే మూడు రకాల చక్రాలు కావాలి: పైన మోసేవి, పక్కన ఆనేవి, పట్టా అడుగున ఉండేవి. 1884లో అమెరికాలో, న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో థాంప్సన్ అనే ఆయన కట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే అనే తొలినాటి రోలర్ కోస్టర్ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మెల్లగా పోయేది, కాబట్టి బండి లేచిపోతుందన్న భయం లేదు. అడుగు చక్రాలకు జాన్ మిల్లర్ అనే రోలర్ కోస్టర్ల ఇంజనీరు 1919లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాతే బాగా ఏటవాలు దిగుళ్ళు కట్టే ధైర్యం వచ్చింది. మీ బండికీ ఆరు చక్రాల జతలు ఎక్కువనిపించినా మానకండి.

మలుపులో ట్రాక్‌ను లోపలి వైపుకు వాల్చాలి. సెకనుకు 3 మీటర్ల వేగం, మీటరున్నర వ్యాసార్ధం ఉన్న మలుపుకు 31 డిగ్రీల వాలు సరిపోతుంది.

లూప్, అంటే బండి తలకిందులై తిరిగి వచ్చే చుట్టు, దాని సంగతి అడుగుతారని తెలుసు. ఈసారికి వద్దంటాను. 1895లో కోనీ ఐలండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని నిండు గుండ్రటి లూప్ కట్టారు, ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేశాయి. గుండ్రటి లూప్‌లో పైన పడిపోకుండా ఉండేంత వేగం కావాలంటే, అడుగున మనిషి మీద తన బరువుకు ఆరు రెట్ల భారం పడుతుంది. 1976లో కాలిఫోర్నియాలో ష్వార్జ్‌కాఫ్, స్టెంగెల్ అనే ఇద్దరు జర్మన్ ఇంజనీర్లు కట్టిన లూప్ నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది, అడుగున విశాలంగా, పైన ఇరుకుగా. అలాంటి వంపు తిప్పడం మీ చేతులకు మొదటి ప్రయత్నంలో రాదు.

పట్టాలకు సన్న పీవీసీ పైపు వాడతామన్నారు, మంచిదే, పెద్ద వంపులకు వేడి చేయకుండానే వంగుతుంది. మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. అది కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని. ఎండకు అది సాగుతుంది కూడా. 10 మీటర్ల పైపు 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండు చివర్లూ బిగిస్తే నడుమ ఉబుకుతుంది. అతుకుల్లో లోపల కర్ర ముక్క పెట్టి, ఒక వైపే జిగురు రాసి, రెండో వైపు జారేలా వదలండి. పట్టాల మధ్య దూరం మాత్రం ఎక్కడా మారకూడదు. ఒక చెక్క ముక్కకు రెండు గాట్లు పెట్టి, ప్రతి అడ్డకర్ర దగ్గరా దాన్ని ఆనించి చూడండి. స్తంభాలు నిలువుగా ఉన్నాయో లేదో దారానికి కట్టిన గుండుతో చూసుకోండి.

గొలుసుకు 12 వోల్టుల బ్యాటరీ మోటారు చాలు, గోడ ప్లగ్గు కరెంటు తోటలోకి తేవద్దు. ఎక్కుడు పక్కన పళ్ళ పట్టీ ఒకటి, బండి అడుగున చిన్న కొక్కెం ఒకటి పెట్టండి. గొలుసు తెగినా బండి వెనక్కి జారదు. పెద్దవాటిలో ఎక్కేటప్పుడు వినిపించే టకటక చప్పుడు అదే. దీని మీద ఏ ప్రాణినీ కూర్చోబెట్టకండి, పిల్లిపిల్లనైనా సరే. ఇసుక సంచి చాలు.

ముందు ఆ ఆరు మీటర్ల ముక్క కట్టి, మీ బండి మీటరుకు ఎన్ని సెంటీమీటర్లు పోగొట్టుకుంటోందో పదిసార్లు కొలిచి నాకు రాయండి. ఆ అంకె వచ్చాక రెండో మిట్ట ఎత్తు కలిసి లెక్క వేద్దాం.

మీ
అమ్మమ్మ