ఒక్క గీత చూసి నిశ్చింతగా ఉండకండి

పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. రొంపలు, దగ్గులు మొదలయ్యాయంటే చాలు, ఇంట్లో చేసుకున్న కోవిడ్ యాంటిజెన్ కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి "ఏటొచ్చింది బాబూ?" అని అడుగుతారు.

అపోహ: ఒక్క గీతే వచ్చింది కాబట్టి నాకేమీ లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ మాటే. కార్డు మీద 'సి', 'టి' అని రెండు అక్షరాలుంటాయి. 'సి' దగ్గర గీత వస్తే కార్డు పనిచేసిందని మాత్రమే అర్థం. 'టి' దగ్గర గీత రావాలంటే ముక్కులోంచి తీసిన తేమలో వైరస్ ప్రోటీన్ తగినంత ఉండాలి. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష అయితే వైరస్ జన్యుపదార్థాన్ని అనేక రెట్లు పెంచి వెతుకుతుంది. కార్డు అలా పెంచలేదు, ఉన్నంతలోనే పట్టుకోవాలి. జ్వరం తగిలిన తొలిరోజు చేస్తే దొరక్కపోవచ్చు. అందుకే 48 గంటలాగి మళ్ళీ చేయాలి. 2021 మేలో ఇంటి పరీక్షకు అనుమతిస్తూనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఈ విషయం చెప్పింది: లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయించుకోవాలి, పాజిటివ్ వస్తే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. ఆ రెండు రోజులూ ముసలివాళ్ళకీ పసిపిల్లలకీ దూరంగా, మాస్క్ పెట్టుకుని ఉండండి. ఆయాసం వస్తే మాత్రం ఏ గీత కోసమూ ఆగకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

అపోహ: గీత లేతగా ఉంటే సగం పాజిటివ్.

సగం అనేది లేదు. కిట్‌తో వచ్చే కాగితం మీద చెప్పిన సమయంలోపు, చాలా కిట్లలో 15 నిమిషాలకు, ఎంత లేత గీత కనిపించినా పాజిటివే. కార్డును గూట్లో పెట్టి మర్నాడు చూస్తే తేమ ఆరి నీడలాంటి గీత పడొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 'సి' గీతే రాకపోతే ఆ కార్డు పనికిరాదు, కొత్తది వాడాలి.

టీకా వేయించుకుంటే పాజిటివ్ వస్తుందన్నదీ నిజం కాదు. టీకా జబ్బకు వేస్తారు, అందులోని పదార్థం ముక్కులోకొచ్చి పెరగదు.

కిట్ దాచే చోటు గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతుంటాను. చాలా కిట్లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో రేకుల ఇంట్లో అటక మీద పడేస్తే ఆ కార్డును నమ్మలేం.

అపోహ: కోవిడ్ కార్డు నెగెటివ్ అయితే ఇది మామూలు జ్వరమే.

కోవిడ్ కార్డుకు కోవిడ్ తప్ప మరేదీ కనిపించదు. ఫ్లూ కూడా కనిపించదు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి గర్భిణులు, పెద్దవయసువాళ్ళు కార్డు మళ్ళీ చేసేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక మా గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లో మలేరియా ఉంది. ఒకసారి ఒక తండ్రి వణుకుతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చాడు. చేతిలో మూడు రోజుల కిందటి కోవిడ్ కార్డు, దాని మీద ఒక్కటే గీత. "పరీక్ష అయిపోయింది కదా" అని ఆ మూడు రోజులూ పారాసెటమాల్ ఇస్తూ గడిపారు. వేలు పొడిచి మలేరియా కార్డు వేస్తే ఫాల్సిపారం, మలేరియాలో ప్రమాదకరమైన రకం. రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆ తండ్రి తప్పేమీ లేదు. కానీ ఒకటి ముక్కు తేమలో కోవిడ్‌ను వెతుకుతుంది, రెండోది రక్తపు చుక్కలో మలేరియాను వెతుకుతుంది. చలిజ్వరం వచ్చిన రోజే ఆ రెండో పరీక్ష చేయించండి. మీ ఊరి ఆశా దీదీని అడగండి, ఆ కార్డుతో ఊళ్ళోనే ఉచితంగా చేస్తారు.